క్యూసీ ఆఫరా, ఏఆర్‌డీ ఆఫరా: ఒకసారి భయపడి ఎంచుకున్నవాడిగా నా జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఎం.ఎస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ ఇప్పుడే పూర్తయింది, చోడవరం దగ్గర ఊరు, చేతిలో రెండు ఆఫర్లు. ఒకటి పరవాడ ఫార్మా సిటీలో క్యూసీ (క్వాలిటీ కంట్రోల్, తయారైన మందుల నాణ్యత పరీక్షించే ల్యాబ్) ట్రైనీ, ఏడాదికి 2.8 లక్షలు, షిఫ్టులు, రోజూ ఇంటి నుంచే వెళ్లి రావచ్చు. రెండోది హైదరాబాద్‌లో అనలిటికల్ ఆర్ అండ్ డీ (ఏఆర్‌డీ, మందుల్ని పరీక్షించే పద్ధతులు కొత్తగా తయారుచేసే, అంటే మెథడ్ డెవలప్‌మెంట్ చేసే విభాగం), 3.4 లక్షలు, జనరల్ షిఫ్ట్, ఆరు నెలలు ప్రొబేషన్. శనివారంలోపు ఏదో ఒకటి చెప్పాలి. ఇంతవరకు మామూలే. నేను ఆగిపోయింది నువ్వు చివర్లో రాసిన మాట దగ్గర: "హైదరాబాద్ వాళ్లు నన్నెలా తీసుకున్నారో నాకే తెలియదు, అదృష్టం అంతే, నాకు మెథడ్ డెవలప్‌మెంట్ రాదు, రెండు నెలల్లో నా సంగతి తెలిసిపోతుంది, అందుకే క్యూసీకే వెళ్దామనుకుంటున్నా."

నీకంటే పదేళ్లు పెద్దవాణ్ణి, అందుకే నువ్వు అని రాస్తున్నా, ఏమనుకోకు.

2014లో నేను సరిగ్గా నీ స్థానంలోనే ఉన్నాను. మాది బొబ్బిలి వైపు, ఇంటర్ దాకా తెలుగు మీడియం. నాకూ పరవాడలో క్యూసీ వచ్చింది, హైదరాబాద్ నాచారంలో ఏఆర్‌డీ వచ్చింది. నాచారం ఇంటర్వ్యూలో ఒకాయన ఇంగ్లీషులో అడిగితే నేను సగం తెలుగులో చెప్పాను, ఆయన తల ఊపి పంపించేశారు, వారానికి ఆఫర్ మెయిల్ వచ్చింది. పొరపాటున పంపి ఉంటారనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, మెయిల్‌లో నా పేరు స్పెల్లింగ్ సరిగ్గా ఉందో లేదో నాలుగుసార్లు చూసుకున్నాను. ఇంట్లో మాత్రం "దూరం కదా, అమ్మకు బాగోదు, ఖర్చులు కూడా" అని చెప్పి పరవాడలో చేరిపోయాను. అమ్మ బాగానే ఉంది. నేను వెళ్లనిది భయంతో, చెప్పింది అమ్మ పేరు. ఇది బయటికి ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

అక్కడికి వెళ్తే భయం పోయిందా? పోలేదు. అదే నీకు చెప్పాలని కూర్చున్నాను. చిన్న ఉద్యోగం కదా, నాకు సరిపోతుంది కదా అనుకుని చేరినవాణ్ణి, మొదటి నెలలో బ్యాలెన్స్ మీద 50 మిల్లీగ్రాములు తూయాలంటే చెయ్యి వణికేది. వెనకాల ఎవరైనా నిలబడితే చాలు, నన్ను పరీక్షిస్తున్నారనిపించేది.

ఒక రాత్రి సంగతి చెప్తాను. సీ షిఫ్ట్, రెండు దాటింది. హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రం మీద ఒక అస్సే (మందులో అసలు పదార్థం ఎంత ఉందో చూసే పరీక్ష) పెట్టాను. స్టాండర్డ్ (పోల్చడానికి వాడే, బలం తెలిసిన ద్రావణం) ఆరు ఇంజెక్షన్లు, ఆర్‌ఎస్‌డీ (ఆ ఆరు ఫలితాల మధ్య తేడా) 2 శాతం దాటకూడదు, నాకు 3.1 వచ్చింది. మొదట తట్టింది "నేనే తప్పు తూచాను" అని. మళ్లీ తూచి స్టాండర్డ్ కొత్తగా చేశాను, మార్క్ దగ్గర చుక్క చుక్క వేస్తూ, లోయర్ మెనిస్కస్‌కి కళ్లు ఆనించి. మళ్లీ ఫెయిల్. ఇక రేపు ఉద్యోగం ఉండదు అని ఫిక్సయిపోయి, మూడోసారి తూయడానికి లేచాను. అప్పుడే మా సీనియర్ టీ తాగి వచ్చారు. నా ఫ్లాస్క్ వైపు చూడనేలేదు. స్క్రీన్ మీద పంపు ప్రెషర్ చూశారు, అది పైకీ కిందకీ ఊగుతోంది. మొబైల్ ఫేజ్ (యంత్రంలో పారే ద్రావణం) బాటిల్ నుంచి వచ్చే సన్నని ట్యూబ్‌లో, ఆవగింజంత గాలి బుడగ. గాలి బయటికి పోయేలా పర్జ్ వాల్వ్ తిప్పి ఐదు నిమిషాలు వదిలారు. తర్వాత ఆర్‌ఎస్‌డీ 0.4. ఫెయిలైన రన్‌లు తీసేయడాలు లేవు, అవీ రికార్డులోనే ఉంటాయి, కారణం లాగ్‌బుక్‌లో నాచేతే రాయించారు. రాస్తుంటే ఒక్కటే అన్నారు: "గంటన్నర నుంచి నీ చేతినే తిట్టుకుంటున్నావు, ఒక్కసారి ప్రెషర్ చూడలేదేంరా?"

అందుకే నీకు మన భాషలోనే చెప్తాను. సాంపిల్ కంటే ముందు బ్లాంక్ ఇంజెక్ట్ చేస్తాం కదా, మందు కలపని ఒట్టి డైల్యుయెంట్ (కరిగించే ద్రవం). బ్లాంక్‌లో నాలుగు నిమిషాల దగ్గర ఒక పీక్ (గ్రాఫ్‌లో శిఖరంలా లేచే గీత) వచ్చి, సాంపిల్‌లోనూ అక్కడే అంతే పీక్ వస్తే దాన్ని ఇంప్యూరిటీగా రిపోర్ట్ చేయం, అది సాంపిల్‌ది కాదు కాబట్టి. "నా సంగతి తెలిసిపోతుంది" అన్న నీ భయం బ్లాంక్ పీక్. హైదరాబాద్ వెళ్లినా వస్తుంది, పరవాడ వెళ్లినా వస్తుంది. నువ్వు దాన్ని తీసుకెళ్లి ఒక్క హైదరాబాద్ ఆఫర్ ఖాతాలో వేసి, ఆ ఆఫర్ మంచిది కాదంటున్నావు. రెండింటిలోంచీ దాన్ని తీసేసి మిగిలింది పోల్చు.

ఇది నీ ఒక్కడి జబ్బు కూడా కాదు. 1978లో అమెరికాలో పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు దీని మీదే ఒక వ్యాసం రాశారు. బాగా చదువుకుని, మంచి స్థానాల్లో ఉన్న 150 మందికి పైగా మహిళలతో మాట్లాడి రాసింది. వాళ్లలో చాలామంది "అదృష్టం వల్ల వచ్చాను", "సీటిచ్చినవాళ్లు పొరబడ్డారు" అని నమ్మేవారట. నీ మాట, నా మాట అచ్చు అవే. వాళ్లు మొదట చూసింది మహిళల్ని, ఆ తర్వాత మగవాళ్లలోనూ ఇది ఉంటుందని తేలింది. నాకిది ముందే తెలిసి ఉంటే నా భయాన్ని అంత నమ్మేవాణ్ణి కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. "నాకు మెథడ్ డెవలప్‌మెంట్ రాదు" అన్నావు. ఫ్రెషర్‌కి ఎవరికి వస్తుంది? ఏ గ్రూప్ లీడరూ ఎం.ఎస్సీ నుంచి నేరుగా వచ్చినవాడికి కొత్త మాలిక్యూల్ ఇచ్చి మెథడ్ తెమ్మనడు. నేను చూసిన ల్యాబుల్లో మొదటి ఆరు నెలలు చేయించేది ఇదీ: సింథసిస్ వాళ్లు పంపే సాంపిళ్లు నడపడం, మొబైల్ ఫేజ్, బఫర్లు చేయడం, పీహెచ్ సరిచూడటం, కాలమ్ కడగడం, లాగ్‌బుక్ రాయడం. తర్వాత ఫోర్స్డ్ డిగ్రడేషన్ సాంపిళ్లు ఇస్తారు (యాసిడ్, బేస్, పెరాక్సైడ్, వేడి, వెలుతురుతో మందును కావాలనే పాడుచేసినవి), ఆ తర్వాత ఐసీహెచ్ క్యూ2 అనే అంతర్జాతీయ మార్గదర్శకం ప్రకారం వాలిడేషన్‌లో (పద్ధతి సరిగ్గా పనిచేస్తుందని నిరూపించడంలో) ఒక ముక్క, ప్రెసిషనో లీనియారిటీయో. ఇదంతా చూశాక ఎప్పటికో డెవలప్‌మెంట్. అంటే మొదటి ఆర్నెల్లు నువ్వు చేసే పని క్యూసీలో చేసే పనికి పెద్ద దూరంలో ఏమీ ఉండదు. నీకు రాదని నువ్వు భయపడుతున్న పని నిన్ను మొదట అడగరు. ఇంటర్వ్యూ చేసినవాళ్లకు ఇది నీకంటే బాగా తెలుసు, అందుకే నిన్ను తీసుకున్నారు.

దీనర్థం క్యూసీ తక్కువని కాదు. క్యూసీలో నేర్చుకున్న క్రమశిక్షణే నన్ను ఇప్పటికీ నిలబెడుతోంది: చూసింది చూసినప్పుడే రాయడం, కొట్టేస్తే ఒక్క గీతతో కొట్టి సంతకం పెట్టి తేదీ వేయడం, ఓఓఎస్ (పరిమితి దాటిన ఫలితం) వస్తే దాచకుండా చెప్పడం. అమెరికా మందుల నియంత్రణ సంస్థ యూఎస్ఎఫ్‌డీఏ ఆడిట్ ఒక్కటి దగ్గర నుంచి చూస్తే ఆ పాఠం జీవితంలో మరచిపోవు. క్యూసీకి క్యూసీ కారణాలతో వెళ్తే సంతోషమే. నీ తమ్ముడి ఇంజినీరింగ్ ఫీజు ఉంది, నాన్నగారి వ్యవసాయం అంతంత మాత్రం అన్నావు, అది నిజమైన కారణం, దాన్ని లెక్కలో పెట్టు.

లెక్క అంటే సీటీసీ (కంపెనీ నీ మీద పెట్టే మొత్తం ఖర్చు) చూసి కాదు. 3.4 లక్షలు భాగించు 12 అంటే 28 వేల చిల్లర, అది నీ చేతికి రాదు. అందులో కంపెనీ కట్టే పీఎఫ్ ఉంటుంది, నీ జీతంలోంచి బేసిక్ మీద 12 శాతం కోస్తారు, చాలాచోట్ల గ్రాట్యుటీ కూడా కలిపి చూపిస్తారు, అది మామూలుగా ఐదేళ్లు పూర్తయితేనే వచ్చే డబ్బు. వృత్తి పన్ను జీతం 20 వేలు దాటితే రెండు రాష్ట్రాల్లోనూ నెలకు 200. పరవాడ ఆఫర్‌లో గ్రాస్ 21 వేలలోపే ఉంటే ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కింద 0.75 శాతం పోతుంది, కానీ ఇంట్లో వాళ్లకూ వైద్యం వస్తుంది, దాన్ని తీసిపారేయకు. నా అంచనాకు హైదరాబాద్‌లో చేతికి 24, 25 వేలు, అందులో షేరింగ్ హాస్టల్‌కి ఏడెనిమిది వేలు, బస్సు, ఫోన్, పండక్కి ఊరు రావడానికి టికెట్. పరవాడలో 19, 20 వేలు, ఇంట్లో భోజనం, అనకాపల్లి దాకా బండి, అక్కడి నుంచి కంపెనీ బస్సు. మొదటి ఏడాది ఇంటికి పంపగలిగేది పరవాడ నుంచే ఎక్కువ. ఇది నీకు నచ్చకపోయినా చెప్పాలి. తమ్ముడి ఫీజుకి వేరే దారేదీ లేకపోతే, ఏడాదో రెండేళ్లో క్యూసీ చేసి మారడం తప్పేమీ కాదు, కాకపోతే అలా మారేటప్పుడు "నీకు క్యూసీ అనుభవమే ఉంది కదా" అని చాలాచోట్ల వెనక్కి పంపిస్తారు, నన్ను మూడుచోట్ల పంపారు.

నేను మారింది 2017లో. అప్పుడూ రెండు దారులే, అదే టెన్షన్. ఈసారి ఒక నోట్‌బుక్ పేజీ తీసుకుని కారణాలన్నీ రాశాను, ఒక్క నియమం పెట్టుకున్నాను: "నేను సరిపోనేమో" అన్న అర్థం వచ్చే ఏ వాక్యమైనా పేజీ వెనక్కి పోవాలి. ఉన్నచోటే ఉండిపోవడానికి తొమ్మిది కారణాలు రాస్తే ఐదు వెనక్కి పోయాయి. మిగిలిన నాలుగూ చూసి ఏఆర్‌డీకి వెళ్లాను. మొదటి మీటింగ్‌లో నోరు విప్పలేదు. మూడో నెలలో ఒక టెయిలింగ్ పీక్ (నిటారుగా లేకుండా తోకలా సాగిన పీక్) గురించి "బఫర్ పీహెచ్ కొంచెం తగ్గించి చూద్దామా" అన్నాను, తగ్గించి చూశారు, పీక్ నిటారుగా వచ్చింది. భయం ఆ రోజుతో పోలేదు, కానీ దాని మాట వినడం తగ్గింది.

నన్నడిగితే, తమ్ముడి ఫీజుకి మొదటి ఏడాది ఎలాగోలా గడిచే దారి ఉంటే హైదరాబాద్ వెళ్లు. లేదంటే పరవాడ వెళ్లు, కానీ "ఫీజు కోసం వెళ్తున్నా" అని నీకు నువ్వు స్పష్టంగా చెప్పుకుని వెళ్లు. నాలా ఇంకొకరి పేరు చెప్పి వెళ్లకు.

ఈ రాత్రి నాన్నగారితో కూర్చుని డబ్బు సంగతి మాట్లాడు, భయం సంగతి కూడా మాట్లాడు. రేపు పొద్దున్నే ఇద్దరు హెచ్ఆర్‌లకూ మెయిల్ పెట్టు: చేతికొచ్చే జీతం విడివిడిగా ఎంత, నోటీస్ పీరియడ్ ఎన్నాళ్లు, బాండ్ ఉందా, ప్రొబేషన్‌లో ఏం చూసి కన్ఫర్మ్ చేస్తారు, నన్ను ఏ గ్రూప్‌లో వేస్తారు. ఇంకో నాలుగు రోజుల టైమ్ కూడా అదే మెయిల్‌లో అడుగు, అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకున్నవాళ్లను నేను చూడలేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎక్కడా వదలకు, చూపించి జిరాక్స్ ఇచ్చి వెనక్కి తెచ్చుకో. జీతం బ్రేకప్ వచ్చాక కంపెనీ పేర్లు తీసేసి ఇక్కడే పెట్టు, లైన్ లైన్ చూసి చెప్తాను.