ఒకే మాత్ర ఆయనకి పనిచేసింది, నాకెందుకు పనిచేయలేదు?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. నాకూ మా తోడల్లుడికీ దాదాపు ఒకేసారి షుగర్ బయటపడింది. ఇద్దరం మెట్‌ఫార్మిన్ 500 పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్నాం. ఆయన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) 8.4 నుంచి 6.8కి దిగింది. నాది 8.1 దగ్గరే మొండికేసింది, పైగా మాత్ర పడితే చాలు కడుపులో గడబిడ, విరేచనాలు. ఇదంతా పేగుల్లో బ్యాక్టీరియా వల్లేనంటూ మా అబ్బాయి ప్రోబయోటిక్ (మంచి బ్యాక్టీరియా ఉండే) క్యాప్సూల్స్ తెప్పిస్తానంటున్నాడు. తెప్పించమంటారా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: క్యాప్సూల్స్ డబ్బు దాచుకోండి. బ్యాక్టీరియా సంగతి మాత్రం మీ అబ్బాయి ఊరికే అనలేదు.

మెట్‌ఫార్మిన్ కాలేయం మీద పనిచేస్తుందని అందరూ చెప్పేదే, అదీ నిజమే. కానీ మింగిన మాత్రలో దాదాపు సగమే రక్తంలోకి ఎక్కుతుంది, మిగతాది పేగుల్లోనే ఉండిపోతుంది, అక్కడున్న బ్యాక్టీరియాని కూడా మార్చేస్తుంది. 2017లో స్పెయిన్‌లో, షుగర్ కొత్తగా బయటపడి ఇంకా మందు మొదలుపెట్టని 40 మందిలో కొందరికి మెట్‌ఫార్మిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర నాలుగు నెలలు ఇచ్చి చూశారు. మందు వేసుకున్నవాళ్ల మలాన్ని (మొహం చిట్లించకండి, అసలు విషయం ఇక్కడే ఉంది) ఒంట్లో ఒక్క సూక్ష్మజీవి కూడా లేకుండా పెంచిన ఎలుకలకి ఎక్కిస్తే, ఆ ఎలుకలు గ్లూకోజ్‌ని మెరుగ్గా తట్టుకున్నాయి. అంటే మందు చేసే మేలులో కొంత బ్యాక్టీరియా ద్వారా జరుగుతోందన్నమాట. వేరే షుగర్ మందులు కొన్నిటికైతే బ్యాక్టీరియాతో బెడదే ఉంది: అకార్బోజ్‌ని కొన్ని బ్యాక్టీరియా రసాయనికంగా మార్చి పనికిరాకుండా చేస్తాయి, సిటాగ్లిప్టిన్ మన ఒంట్లో డీపీపీ-4 ఎంజైమ్‌ని (ఇన్సులిన్‌ని పెంచే హార్మోన్లని విరగ్గొట్టేది) ఆపుతుంది గానీ పేగు బ్యాక్టీరియా తయారుచేసే అలాంటి ఎంజైమ్‌ని సరిగా ఆపలేదని 2023లో తేలింది.

అలాగని మీ 8.1కి బ్యాక్టీరియాని ఒక్కదాన్నే పట్టుకుని తిట్టలేం. తిండి, బరువు, మందుని కాలేయంలోకి చేర్చే జన్యువుల్లో తేడాలు, క్లోమంలో ఇన్సులిన్ ఇంకా ఎంత తయారవుతోంది, ఇన్ని ఉన్నాయి. అన్నిటికన్నా ముందు, మీరు వేసుకునేది రోజుకి 1000 మిల్లీగ్రాములే. కిడ్నీలు బాగుంటే చాలామందికి 2000 దాకా పెంచుతారు. మీ డాక్టర్‌ని అడగాల్సిన మొదటి మాట ఇదే.

కడుపు గోల సంగతికొస్తే, మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టాక ఎస్చరీషియా రకం బ్యాక్టీరియా పెరగడం చాలామందిలో కనిపించింది, గ్యాస్, ఉబ్బరానికి అదొక కారణం కావచ్చంటున్నారు. దానికి విరుగుడు చాలా మామూలుది: మెల్లగా కరిగే ఎస్ఆర్ మాత్రకి మార్పించుకుని, అన్నం తిన్నాక వేసుకుని, డోసు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడం. చాలామందికి దీంతోనే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే వేరే మందులున్నాయి, కానీ డాక్టర్‌కి చెప్పకుండా మీ అంతట మీరు ఆపేయకండి. ఫలానా ప్రోబయోటిక్ వేస్తే ఫలానా షుగర్ మందు బాగా పనిచేస్తుందని నమ్మకంగా రాసిచ్చే స్థితి ఇంకా రాలేదు. పెరుగన్నం మానక్కర్లేదు లెండి.

ఈ మాత్ర ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గే అవకాశం ఉంది, మీ తోడల్లుడిని కూడా అప్పుడప్పుడు ఆ పరీక్ష చేయించుకోమనండి.