హిమోగ్లోబిన్ 8.6: సైనస్ ఆపరేషన్‌కి ముందు రక్తం ఎక్కించాలా?
హిమోగ్లోబిన్ ఇలా తగ్గడానికి కారణం చాలావరకు ఐరన్ లోపమే అయి ఉంటుంది. మీ అమ్మగారికి 8.6 ఉందని బెంగళూరులో ఆపరేషన్ వాయిదా వేశారని రాశారు కదా, తేదీ నిలబెట్టుకోవడానికి రక్తం ఎక్కించమని మాత్రం పట్టుబట్టకండి. గుండె జబ్బు లేకుండా నిలకడగా ఉన్నవాళ్లకి మామూలుగా 7 కంటే తగ్గితేనే ఎక్కిస్తారు.

అందరూ వదిలేసేది ఫెరిటిన్ పరీక్ష, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చూసేది. అదీ సైనస్ వాపు ఉన్నప్పుడు పైకి నార్మల్‌గానే కనిపించొచ్చు, అందుకే ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (రక్తంలో ఐరన్‌ని మోసే ప్రోటీన్ ఎంతవరకు నిండిందో చూసే పరీక్ష) కూడా రాయమని డాక్టర్ని అడగండి.

1. నెలసరి ఎక్కువా, మొలలా, అల్సరా? రక్తం ఎక్కడ పోతోందో తేలాలి.

2. ఐరన్ మాత్ర కాఫీతో వద్దు. మా అమ్మ పొద్దున్నే ఫిల్టర్ కాఫీ గ్లాసు పక్కనే మాత్ర పెట్టుకునేది, రెండు నెలలైనా అంకె కదల్లేదు, కాఫీకి గంట ముందుకి మార్చాకే పెరగడం మొదలైంది. మాత్రలు పడకపోతే ఐరన్‌ని నరం ద్వారా ఎక్కిస్తారు.

3. రక్తం గడ్డకట్టకుండా చేసే ఆస్పిరిన్ లాంటివి వాడుతుంటే సర్జన్‌కీ మత్తు డాక్టర్‌కీ ముందే చెప్పండి, సొంతంగా ఆపకండి. ముక్కులో కెమెరా పెట్టి చేసే పని, కొంచెం రక్తం కారినా లోపల సరిగ్గా కనిపించదు.

ఆయాసం, గుండె దడ ఉంటే ఇవేవీ చూడకుండా ఈరోజే తీసుకెళ్లండి.