పిడికెడు బియ్యంతో మొదలుపెట్టు తల్లీ

అస్సలాము అలైకుమ్ తల్లీ,

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట రెండు రోజులుగా నా చెవిలోనే తిరుగుతోంది. "ఈ జీతంతో నేనేం దానం చేస్తాను పెద్దమ్మా, బెంగళూరు అద్దెకే సగం పోతోంది. బాగా సంపాదించాక ఒకేసారి పెద్దగా చేస్తాలే" అన్నావు. అప్పుడే జవాబు చెప్పేదాన్ని. పక్కన మీ పెదనాన్న టీవీలో వార్తలు పెట్టుకుని కూర్చున్నారు, ఆ గోలలో మాట సాగలేదు. అందుకే ఇలా రాయిస్తున్నాను. రాసేది మీ తమ్ముడు. మధ్యలో వాడి సొంత తెలివి ఏమన్నా కలిస్తే నన్ను అనొద్దు.

నువ్వు చెప్పిన ఆ "బాగా సంపాదించాక" అనే రోజును నేనింతవరకూ చూడలేదు. నలభై ఏళ్లు ఆదోనిలో పరుపుల అంగడి నడిపాం. దూది ధర పెరిగి ఏడ్చిన ఏడాది ఉంది, పెళ్లిళ్లు ఎక్కువై రాత్రిళ్లు కూడా కుట్టిన ఏడాది ఉంది. ఇక చాలు, ఇప్పుడు ఇద్దాం అనిపించిన ఏడాది మాత్రం లేదు. చేతికి పది ఎక్కువ వస్తే పదిహేను ఖర్చు వచ్చి గుమ్మంలో కూర్చునేది. నీకూ అంతే. ఇప్పుడు అద్దె అంటున్నావు, రేపు పెళ్లంటావు, ఆ తర్వాత పిల్లల ఫీజులంటావు.

మీ జేజి పోయేనాటికి నీకు మూడేళ్లు, ఆమె కుండ సంగతి నీకు తెలిసే వీల్లేదు. ఆమె దగ్గర మూతి విరిగిన మట్టికుండ ఒకటి ఉండేది. పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి అందులో వేసేది. కొత్తకోడలిగా వచ్చిన నాకు అది పిసినారితనంలా కనిపించింది. తినేవాళ్ల నోటి దగ్గర తీసి దాస్తోందేమిటా అనుకున్నాను. రోజుకు రెండు పిడికిళ్లు, నెల తిరిగేసరికి రెండున్నర మూడు కిలోలు. నెలలో ఆఖరి శుక్రవారం కుండ ఖాళీ అయ్యేది. ఎవరింటికి వెళ్లేదో ఆమె చెప్పలేదు, మేం అడగలేదు. ఇంట్లో బియ్యం లేని రోజుల్లో జొన్నలు వేసింది గానీ పిడికెడు ఆపలేదు. చేసే పనుల్లో అల్లాహ్‌కు అన్నిటికన్నా ఇష్టమైనది, కొంచెమైనా సరే విడవకుండా చేసేది అని ప్రవక్త (స) చెప్పారని ఒక శుక్రవారం మసీదు మైకులో విన్నాను. వినగానే నాకు ఆ మూతి విరిగిన కుండే కళ్లముందు కనిపించింది.

నువ్వు రెండు పూటలా వండుకోవని నాకు తెలుసు. స్విగ్గీలో తెప్పించుకుంటావు. సరే, ఒక డబ్బా పెట్టుకో. బయటి తిండి తెప్పించుకున్న ప్రతిసారీ పది రూపాయలు వెయ్యి. రోజుకు పది చొప్పున చూసినా నెలకు 300, మీ ఊళ్లో ఒక బిర్యానీ ఖరీదు. నోట్లే వెయ్యి తల్లీ. ఫోన్లో వేలితో నొక్కి పంపేది ఎప్పుడు పోయిందో మనకే తెలియదు. ఇచ్చే సంగతి మన చేతికి తెలిస్తే అలవాటు నిలుస్తుందని నా నమ్మకం. ఎవరికైనా అవసరం పడినప్పుడు అప్పుడు ఫోన్‌పేనే చేసుకో, నేనేం వద్దనను.

ఇక బరకత్ సంగతి, అంటే అల్లాహ్ దీవెనతో వచ్చే వృద్ధి. పాతకాలంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనేవాళ్లు కాదు, "లాభం" అని రెండు నుంచి లెక్కపెట్టేవాళ్లు. మా ఇంట్లో మీ జేజి మొదటి శేరుకు "బరకత్" అనేది. నాకు ఆ మాటలో లాభం కన్నా ఎక్కువేదో వినిపించేది. ఖురాన్‌లో బఖరా అనే సూరాలో, అంటే అధ్యాయంలో, ఒక పోలిక ఉంది. అల్లాహ్ మార్గంలో ఖర్చుపెట్టేది ఒక గింజ లాంటిది, అందులోంచి ఏడు కంకులు వస్తాయి, ఒక్కో కంకికి నూరు గింజలు. ఇది విని చీటీపాట లెక్కలు వేసేవాళ్లను చూశాను, పదికి ఏడు వేలు ఎప్పుడొస్తాయా అని. అలా రాలేదని అలిగి మానేసినవాళ్లనూ చూశాను. నేను చూసిన బరకత్ వేరు. ఇంట్లో ఉన్నది ఉన్నవాళ్లకు సరిపోతుంది. వచ్చింది గొడవ లేకుండా ఖర్చవుతుంది. ఇచ్చినదాని గురించి రాత్రి పడుకున్నాక పశ్చాత్తాపం ఉండదు. గింజలెన్ని కాస్తాయో, ఎక్కడ కాస్తాయో ఆయన లెక్క.

ఒకసారి ప్రవక్త (స) ఇంట్లో గొర్రెను కోశారు. వాళ్లకూ వీళ్లకూ పంచేశాక, ఇంకా ఏం మిగిలింది అని ఆయన అడిగారు. భుజం ముక్క ఒక్కటే మిగిలింది అన్నారు ఆయన భార్య ఆయిషా (ర). "ఆ భుజం తప్ప మిగతాదంతా మిగిలింది" అన్నారట ఆయన. బక్రీదు నాడు మాంసం పొట్లాలు కట్టేటప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. మంచి ముక్కలు మన గిన్నెలోకి, ఎముకలు పొట్లంలోకి చెయ్యి తనంతట తానే పోతూ ఉంటుంది, చూసుకోవాలి. మనకిస్తే మొహం చిట్లించి తీసుకునే సరుకును ఇంకొకరికి ఇవ్వొద్దని ఖురాన్ చెబుతోంది. చిరిగిన బట్టలు అనాథాశ్రమానికి మూట కట్టేటప్పుడు కూడా ఇది గుర్తుపెట్టుకో. బొత్తాం ఊడితే కుట్టి ఇవ్వు.

లేనివాళ్లు ఏం ఇస్తారు అంటావేమో. అదే ఆయిషా (ర) దగ్గరికి ఒక తల్లి ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఇంట్లో ఒకే ఒక్క ఖర్జూరం ఉంది. అది ఇచ్చేశారు. ఆ తల్లి దాన్ని రెండు ముక్కలు చేసి పిల్లలకు పెట్టి తాను తినకుండా వెళ్లింది. చూడు, ఇచ్చినామె ఇంట్లోనూ ఆ ఒక్కటే ఉంది! సగం ఖర్జూరం ఇచ్చైనా నరకాగ్ని నుంచి కాపాడుకోండి, అదీ లేకపోతే ఒక మంచి మాటతోనైనా అని ప్రవక్త (స) చెప్పారు. దారిలో ముల్లో రాయో తీసి పక్కన వెయ్యడం, ఎదురైనవాళ్లను చూసి నవ్వడం, మన చేదలోని నీళ్లు పక్కవాళ్ల చేదలో పొయ్యడం, అన్నీ సదకాలోకే, అంటే దానంలోకే వస్తాయి. మీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేసే ఆమె పేరు నీకు తెలుసా? తెలియకపోతే రేపే అడుగు.

నాకు ఎంతో ఇష్టమైన కథ ఇంకొకటి ఉంది, సూది పట్టినదాన్ని కాబట్టి. "మీలో ఎవరి చేతులు పొడవో ఆమె అందరికన్నా ముందు నన్ను కలుసుకుంటుంది" అని ప్రవక్త (స) తన భార్యలతో అన్నారు. వాళ్లు నిజంగానే చేతులు కొలుచుకున్నారట. ఆయన తర్వాత ముందుగా కన్నుమూసింది జైనబ్ బిన్తె జహష్ (ర). ఆమె తన చేతులతో పని చేసి, వచ్చింది దానం చేసేవారు. తోళ్లు శుద్ధి చేసి కుట్టేవారని చెబుతారు. పొడవైన చేతులంటే ఏమిటో మిగతావాళ్లకు అప్పుడు అర్థమైంది. దబ్బనం గుచ్చుకుని నా బొటనవేలు కాయ కాసినప్పుడు ఆమెను తలుచుకునేదాన్ని. నీది కీబోర్డు మీద పని, అయినా నీ చేతి సంపాదనే.

మరి నాకు కష్టమైనదేదో చెప్పనా? డబ్బు ఇవ్వడం కాదు, డేగిసా ఇవ్వడం, అదే పెద్ద వంటగిన్నె. మాఊన్ సూరా నీకు చిన్నప్పుడే కంఠతా వచ్చు, ఏడే వాక్యాలు. నమాజులో అశ్రద్ధగా ఉండేవాళ్లను, పదిమందికి కనిపించాలని చేసేవాళ్లను హెచ్చరించి, చివర్లో "మాఊన్" కూడా ఇవ్వనివాళ్లు అంటుంది. మాఊన్ అంటే ఏమిటని అడిగితే గిన్నె, చేద లాంటి ఇంటి వాడుక వస్తువులు అని ప్రవక్త (స) సహచరుడు ఇబ్న్ మస్ఊద్ (ర) చెప్పారు. చూశావా, నమాజు పక్కనే గిన్నె సంగతి పెట్టాడు అల్లాహ్! మా వీధిలో అందరికన్నా పెద్ద డేగిసా నాదే. పెళ్లికీ, పేరుపెట్టడానికీ అందరూ వస్తారు. అడుగు మాడ్చి తెస్తారు, మూత మరిచిపోతారు. నెలకు ఒకసారైనా లేదని అబద్ధం చెబుదామా అనిపిస్తుంది. సూరా గుర్తొచ్చి ఇచ్చేస్తాను, మొహం మాత్రం ముడుచుకునే ఉంటుంది. అల్లాహ్ దాన్ని కూడా సరిచేయాలి. నీ దగ్గర డేగిసా లేదు గానీ చార్జరు ఉంటుంది, గొడుగు ఉంటుంది, రూమ్మేట్‌కు కావలసిన ఇస్త్రీపెట్టె ఉంటుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. మీ తమ్ముడు ఇది రాయనా అని అడుగుతున్నాడు, రాయరా అన్నాను.

మా వీధిలో ఒకామె కూతురి పెళ్లికి రెండు పరుపులు కుట్టి ఇచ్చాం. గలీబులు కూడా కొత్త గుడ్డవే. పైసా తీసుకోలేదు. రెండేళ్ల తర్వాత కుళాయి దగ్గర వరస గురించి ఆమెకూ నాకూ మాటామాటా పెరిగింది. నా నోట్లోంచి వచ్చేసింది, "నేను కుట్టిన పరుపు మీద మీ అల్లుణ్ణి పడుకోబెట్టి నన్నే అంటావా" అని. పదిమంది ఉన్నారు. ఆమె బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. మర్నాడు తెల్లవారుజామున ఫజర్ నమాజుకు తలుపు తీస్తే పరుపులు రెండూ చుట్టి మా గోడకు ఆనించి ఉన్నాయి. వెళ్లి క్షమాపణ అడిగాను. సలాముకు జవాబు చెప్పింది, మంచినీళ్లు ఇచ్చింది, పరుపులు మాత్రం తీసుకోలేదు. నున్నటి బండ మీద పేరుకున్న మట్టి, ఒక్క పెద్దవాన పడితే కొట్టుకుపోయి బండే మిగులుతుందని ఎత్తిపొడిచే దానం గురించి ఖురాన్‌లో ఉంది. ఆ రోజు వాన నా నోరే. అమ్మలేక, వాడుకోలేక ఆ పరుపులు చాలాకాలం మిద్దె మీదే ఉండిపోయాయి.

అందుకే ఫోటోలు తీసుకుంటూ అన్నం పొట్లాలు ఇచ్చేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియనంతగా ఇచ్చేవాళ్లకు ప్రళయదినాన అల్లాహ్ నీడ దొరుకుతుందని హదీసు, అంటే ప్రవక్త (స) మాట. అందరికీ కనబడేలా ఇవ్వడం పాపమని కాదు, అదీ మంచిదే, దాచి ఇస్తే ఇంకా మేలు అని ఖురానే చెప్పింది. కానీ పుచ్చుకున్నవాళ్ల మొహం స్టేటస్‌లో పెట్టొద్దు తల్లీ, వాళ్ల పిల్లలు కూడా ఫోన్లు చూస్తారు.

ముందు ఎవరికి ఇవ్వాలని అడిగావు కదా. చుట్టాలకు. బీదవాడికి ఇస్తే ఒక పుణ్యం, చుట్టానికి ఇస్తే రెండు, దానానికి ఒకటి, బంధం నిలిపినందుకు ఒకటి. మీ చిన్నత్త అడగదు, అడగనివాళ్లను మనమే చూసుకోవాలి. పండక్కి పిల్లలకని చెప్పి కవరు ఇవ్వు, సదకా అనే మాట ఎత్తొద్దు. తర్వాత పొరుగువాళ్లు, ఏ మతమైనా సరే. ప్రవక్త (స) సహచరుడు అబ్దుల్లా ఇబ్న్ అమ్ర్ (ర) ఇంట్లో గొర్రెను కోస్తే మన యూదు పొరుగింటికి పంపారా అని మళ్లీ మళ్లీ అడిగారట. పులుసు వండితే నీళ్లు కాస్త ఎక్కువ పోసి పొరుగింటికి పంపమని తన సహచరుడు అబూజర్ (ర)కు చెప్పింది ప్రవక్తే (స). మీ అపార్ట్‌మెంటులో ఎదురింటివాళ్లు శాకాహారులైతే పండ్లు పంపు, వాళ్లను ఇబ్బంది పెట్టకు.

అప్పు ఇస్తే తొందరపెట్టొద్దు. తీర్చలేనివాడికి గడువివ్వండి, వదిలేస్తే ఇంకా మంచిది అని ఆజ్ఞ. మీ పెదనాన్న ఖాతా పుస్తకంలో కొన్ని పేజీలు మడిచి ఉంటాయి, అవి ఆయన మళ్లీ తెరవరు.

జకాత్ దీంతో కలపకు, అది ఏటా తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం లెక్క. 87.48 గ్రాముల బంగారమో 612.36 గ్రాముల వెండో, లేదా అంత విలువ ఖర్చులు, అప్పులు పోను చంద్రమానం ప్రకారం ఏడాదిపాటు నీ దగ్గర నిలిస్తే, నూటికి రెండున్నర. ఈ లెక్క ఎవరైనా తులాల్లో చెబితే అది పాత తులం, అంగట్లో ఇప్పుడు అనే పది గ్రాముల తులం కాదు, పొరబడొద్దు. నీ పేరున ఉన్న గాజులు, బ్యాంకులో ఉన్నది ఒక కాగితం మీద రాసి మౌల్వీసాబ్‌కు చూపించు. ఫిత్రా, అంటే రంజాన్ పండగ దానం, ఈద్ నమాజుకు ముందే ఇచ్చెయ్యి. వాటికి వేళలున్నాయి, నీ డబ్బాకు ఏ వేళా లేదు.

ఇంకా చాలా చెప్పాలనుకున్నాను. తలుపు కొడుతున్నారు. మూలింటామె, రేపు మనవడికి పేరు పెడుతున్నారట, డేగిసా కావాలట. పోయిన నెల పట్టుకెళ్లిన మూత ఇంకా తేలేదు. ఉండు, ఇచ్చి వస్తాను.

నీ పెద్దమ్మ