ఆది టాప్ మీ బీరువాలోనే ఉంది

ప్రశ్న: అక్కా, నాకు 36 ఏళ్లు. తణుకు దగ్గర హైస్కూల్లో లెక్కలు చెబుతాను, స్కూటీ మీద వెళ్లొస్తాను. స్ట్రెయిట్ కట్ టాపులు కూర్చుంటే తుంటి దగ్గర పట్టేస్తున్నాయి. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే టాప్ మొత్తం పైకి లేస్తుంది, వెనక పిల్లలుంటారు కదా, టెన్షన్. మంగళగిరి కాటన్‌తో అనార్కలీ కుట్టించుకుంటే గుడారంలా ఉందని మా పాప నవ్వింది. ఆన్‌లైన్లో కొన్నవి ఎనిమిది అలాగే పడున్నాయి. నా ఒంటికి ఏ షేపూ నప్పదేమో!

జవాబు: ఆ చివరి మాట రివటలా ఉన్నవాళ్లు కూడా నాతో అంటారమ్మా. రాజమండ్రిలో 22 ఏళ్లుగా కుడుతున్నాను, వింటూనే ఉన్నాను.

ముందు బోర్డు సంగతి. చెయ్యెత్తితే పట్టేస్తోందని అందరూ చంక ఇంకా దించమంటారు. దించితే ఇంకా లేస్తుంది! చంక కుట్టు కిందికి పోయేకొద్దీ చెయ్యి, పక్క కలిసిపోయి గబ్బిలం రెక్కలా తయారవుతాయి. చెయ్యి లేస్తే పక్క కుట్టు కూడా దాంతోపాటే వస్తుంది. చంకని ఒంటికి దగ్గరగా, ఒరుసుకోనంత ఎడంలో ఆపించి, చేతి పైభాగంలో లూజు పెంచమనండి. నేనూ మొదట్లో అడిగినట్టే దించేసేదాన్ని. ఒక టీచరమ్మ ఒకే టాపుని మూడుసార్లు తిప్పి తెచ్చి, చివరికి నా షాపు గోడ మీద రాస్తున్నట్టు చెయ్యెత్తి చూపించింది. అప్పుడు తెలిసొచ్చింది. ఇప్పటికే దించేసినవాటికి చంక కింద చిన్న నలుచదరం ముక్క అతికిస్తే కొంత నయం. పాతకాలం లాల్చీలకి అలాగే వేసేవాళ్లు.

తుంటి దగ్గర పట్టేది మాత్రం కొలత తప్పు. నిలబడి కొలతలిస్తాం, రోజంతా కూర్చుంటాం. కుర్చీలో కూర్చుని టేపు చుట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. సైడ్ కట్ తుంటి వెడల్పుకి పైనే మొదలవ్వాలి. ఆ ఎనిమిదింటిలోనూ కిందికి ఉన్నవి ఏవో చూసి, రెండంగుళాలు పైకి విప్పించండి. స్కూటీ ఎక్కడానికీ సుఖం.

ఇక కొత్తవి కొనేముందు ఒక పని చేయండి. జాకెట్టు కుట్టించడానికి ఆది జాకెట్టు ఇస్తాం కదా, టాపులకి ఎందుకు ఇవ్వం? మీ ఇంట్లో ఉతుకులో తరచూ పడే టాప్ ఏది? రంగు వెలిసినా సరే, అదే మీ ఆది. పరుపు మీద పరిచి భుజం, చంక, ఛాతీ, సైడ్ కట్ ఎత్తు కొలిచి ఫోన్లో రాసుకోండి. ఆన్‌లైన్లో 40 అని ఉంటే అది ఒంటి కొలతా, టాప్ కొలతా అని చూడండి. సాగని కాటన్ అయితే, ఒంటి కొలత 38 ఉన్నవాళ్లకి టాప్ 41 అయినా ఉండాలి.

అనార్కలీలో తప్పు మీ ఒంటిది కాదు, బట్టది. మంగళగిరి కాటన్ గంజి పెడితే విచ్చుకుని నిలబడుతుంది. అంత ఘేరు, అంటే కింది చుట్టు వెడల్పు, రేయాన్‌కైతే జారి కిందికి పడుతుంది. మంగళగిరి కాటన్‌కి ఎ-లైన్, అంటే కిందికి కొద్దిగా వెడల్పయ్యే కట్ చాలు. ఈసారి కుట్టించేముందు ఒక రాత్రి నానబెట్టండి, తర్వాత కుంచించుకుపోయిందని అనుకోనక్కర్లేదు. ఉన్న అనార్కలీని విప్పించి ఘేరు తగ్గించుకోండి. మిగిలిన బట్టతో నవ్విన పాపకి ఒక స్కర్ట్ వస్తుంది.