షిండెన్ వెనక్కి పడిపోతోందా, ముక్కులో బరువెయ్యి

నువ్వు చేస్తున్న షిండెన్ మోడల్ విమానం తోక మీద పడిపోతోందన్నావ్ కదా, కిట్ తప్పేం లేదు బ్రో, రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ ఫైటర్ విమానం జె7డబ్ల్యూ1 షిండెన్‌కి ఇంజన్, ప్రొపెల్లర్ రెండూ వెనకే కదా, చక్రాల మీద నిలబెట్టగానే తోక మీద పడుద్ది. ముక్కు ఇంకా అతికించలేదన్నావ్ కాబట్టి ఈజీనే, రెక్కలు ప్రొపెల్లర్ అన్నీ టేపుతో పెట్టేసి, మెయిన్ వీల్స్ వచ్చేచోట కింద పెన్సిల్ పెట్టి, ముక్కు కిందకి వాలేదాకా దాన్లో గాలానికి కట్టే సీసం గుళ్లు వేస్కుంటూ పో, ఆపైన ఇంకో రెండు ఎక్స్‌ట్రా. ఎరాల్డైట్‌తోనే అతికించు, ఫెవికాల్ మాత్రం వద్దు, సీసంతో రియాక్టయ్యి కొన్నేళ్లకి ఉబ్బి జాయింట్ పగిలే ఛాన్స్ ఉంది. గ్రీన్ పెయింట్ ఇదంతా అయ్యాకే. ముక్కులో చోటు చాలకపోతే రెక్కల మీదుండే నిలువు ఫిన్‌ల కింద బుల్లి చక్రాలు పెట్టు, ప్రొపెల్లరన్నా విరగదు. 1945లో ప్రొపెల్లర్ నేలకి తగిలాక అసలు విమానం ప్రోటోటైప్‌కీ (మొదటి నమూనాకి) అవే పెట్టారు, ఆగస్టు 3న ఎగిరింది వాటితోనే.