మామా, ఒంటిచక్రాన్ని ఫ్లైట్‌లో తెచ్చుకోవచ్చా?

మా అక్క కొడుకు ఈ సెప్టెంబరులో ఎంఎస్ చదవడానికి పారిస్ వస్తున్నాడు. నేను అక్కడ స్థిరపడి పన్నెండేళ్లయింది. సెలవులకు తిరుపతి వచ్చి బైరాగిపట్టెడలో వాళ్లింటికి వెళ్తే, హాల్లో కొత్త సూట్‌కేసుల పక్కన ఒక ఎలక్ట్రిక్ యూనిసైకిల్ నిలబెట్టి ఉంది. ఒకే చక్రం, రెండు పక్కలా పాదాలు పెట్టుకోవడానికి రెండు పలకలు. సీటు లేదు, హ్యాండిల్ లేదు. బెంగళూరులో ఎవరో అమ్ముతుంటే కారేసుకుని పోయి తెచ్చుకున్నాడట. "ఇక్కడ నేర్చేసుకుంటే అక్కడ కాలేజీకి దీని మీదే పోతా మామా" అన్నాడు. అలాంటి బండి మీద నాకు ఐదేళ్ల అనుభవం ఉంది కాబట్టి వాడికి చెప్పిందే కొత్తగా వచ్చే మీ అందరికీ రాస్తున్నాను.

వాడి మొదటి ప్రశ్న, దీన్ని చెకిన్‌లో వేయాలా, చేతి సామానులో పెట్టుకోవాలా అని. రెండిట్లోనూ కుదరదు. ప్రయాణికుల విమానాల్లో లిథియం బ్యాటరీకి లెక్క వాట్-అవర్లలో, అంటే బ్యాటరీలో ఎంత శక్తి పడుతుందన్న కొలతలో ఉంటుంది. 100 లోపుదాన్ని మనతో ఉంచుకోవచ్చు. 100 నుంచి 160 దాకా ఎయిర్‌లైన్ ముందుగా ఒప్పుకోవాలి. 160 దాటిందంటే సామానులో ఎక్కడ పెట్టినా ఒప్పుకోరు. ఫోన్ కోసం మనం కొనే 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు దాదాపు 74 వాట్-అవర్లు. వాడి బండిని పక్కకు వంచి అడుగున స్టిక్కరు చూస్తే 480 అని ఉంది. బ్యాటరీ ఊడదీసి విడిగా తెచ్చినా అది 480గానే ఉంటుంది. కాబట్టి ఊళ్లో ఉన్నది ఊళ్లోనే, అక్కడిది అక్కడే. రేణిగుంట ఎయిర్‌పోర్టు దాకా మోసుకెళ్లి, అమ్మానాన్నల ముందు కౌంటర్ దగ్గర టెన్షన్ పడకండి.

అక్కడే కొనుక్కుందాం అంటే, ఏ దేశం అన్నది ముందు చూడాలి. ఈ మాట మాత్రం గట్టిగా చెబుతాను. బ్రిటన్‌లో సొంత ఎలక్ట్రిక్ యూనిసైకిల్‌ని రోడ్డు మీద గానీ ఫుట్‌పాత్ మీద గానీ నడపకూడదు, యజమాని ఒప్పుకున్న ప్రైవేటు స్థలంలోనే నడపాలి. చట్టం దాన్ని మోటారు వాహనంగా చూస్తుంది. పట్టుబడితే ఇన్సూరెన్స్ లేకుండా బండి నడిపిన కేసవుతుంది, బండినీ తీసుకుపోవచ్చు. జర్మనీలో 2019లో వచ్చిన నియమం పట్టుకోవడానికి హ్యాండిల్ ఉన్న చిన్న ఎలక్ట్రిక్ బండ్లకే వర్తిస్తుంది, ఒంటిచక్రానికి అందులో చోటు లేదు. షాపులో అమ్ముతున్నారు కదా, అందరూ తిరుగుతున్నారు కదా అనుకోవద్దు. అక్కడ పుట్టినవాడికి అది జరిమానాతో పోతుంది. మనం వీసా పొడిగింపు ఫారం నింపే ప్రతిసారీ శిక్షలు, జరిమానాల గడి దగ్గర ఆగాల్సి వస్తుంది. మీరు వెళ్లేది ఈ దేశాలకైతే ముచ్చట ప్రైవేటు మైదానం వరకే ఉంచుకోండి.

ఫ్రాన్స్‌లో 2019 నుంచి దీనికి చట్టంలో చోటుంది. వేగం గంటకు 25 కిలోమీటర్లు మించకూడదు. సైకిల్ దారి ఉంటే అందులోనే వెళ్లాలి. ఫుట్‌పాత్ ఎక్కితే 135 యూరోలు. చెవిలో ఇయర్‌ఫోన్లు ఉండకూడదు, బండి మీద ఒక్కరే ఉండాలి. లైసెన్సు అక్కర్లేదు గానీ ఎదుటివాళ్లకు కలిగే నష్టానికి బీమా తప్పనిసరి. చాలామంది విద్యార్థులు ఇక్కడే పొరపాటు పడతారు. గది అద్దెకు తీసుకునేటప్పుడు కట్టిన బీమాలో అదీ ఉందనుకుంటారు. చాలా పాలసీలలో ఈ బండ్లు ఉండవు. బీమా వాళ్లకు మెయిల్ పెట్టి, ఉంది అన్న జవాబు రాతపూర్వకంగా తెచ్చుకోండి.

ఇక నేర్చుకోవడం. వారం పాటు రోజూ పొద్దున్నే ఐదున్నరకు వాణ్ణి ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండుకు తీసుకెళ్లాను. కొండ మీద ఇంకా దీపాలు కనిపిస్తుండేవి. వాకింగ్‌కు వచ్చిన ఒక పెద్దాయన ఆగి, "ఏం నాయినా, పట్టుకునేదానికి ఏమీ లేదే, పడితే పండ్లు రాలవా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. బండి లోపలి సెన్సర్లు ముందు వెనకల బ్యాలెన్స్ మాత్రమే చూసుకుంటాయి. మనం ముందుకు వాలితే మోటారు చక్రాన్ని ముందుకు తోసి మన కిందికి తెస్తుంది, వెనక్కి వాలితే నెమ్మదిస్తుంది. పక్కలకు పడకుండా చూసుకోవాల్సింది మనమే, సైకిల్ మీద లాగే. అందుకే మరీ మెల్లగా పోతే ఎక్కువ ఊగుతుంది.

మొదటి రోజు ఎక్కనివ్వలేదు. కుడికాలు పలక మీద, చక్రం పిక్కకు ఆనించి, ఎడమకాలితో నేలను తన్నుతూ పది అడుగులు పోవడం, ఆగడం. అంతే. తర్వాత కాళ్లు మార్చి అదే పని. ఇరవై నిమిషాలకే అరికాలు మంట అన్నాడు. అది మామూలే, వేళ్లతో పలకను గట్టిగా పట్టేయాలని చూస్తాం కాబట్టి వస్తుంది. రెండో రోజుకి పిక్క లోపలి వైపు నీలంగా కమిలింది, పాత సాక్సు మడిచి అక్కడ కట్టాం. మూడో రోజు గోడ పట్టుకుని రెండో కాలూ పెట్టాడు. చూపు చక్రం మీదే. చక్రాన్ని చూసినంతసేపూ మూడు గజాలు దాటలేదు. "అదిగో, ఆ వేపచెట్టును చూడరా" అన్నాను. తల ఎత్తాడు, భుజాలు వదులయ్యాయి, మోకాళ్లు కొద్దిగా వంగాయి, చెట్టు దాకా పోయి దిగేశాడు. తిరిగి నా వైపు చూసిన ఆ ముఖం నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. అద్దె సైకిల్ నేర్చుకున్నప్పుడు మా నాన్న వెనక సీటు వదిలేసిన క్షణం గుర్తొచ్చింది.

రోజుకు అరగంట చాలు. అలసిన కాళ్లతో ఇంకో గంట చేస్తే పడటమే మిగులుతుంది.

గార్డుల విషయంలో బేరం లేదు. హెల్మెట్, మోకాళ్లకు ప్యాడ్లు, అన్నిటికన్నా ముందు మణికట్టు గార్డులు. నా పాత గార్డు ఒకటి సూట్‌కేసులో వేసుకుని తెచ్చి మరీ వాడికి చూపించాను. అరచేతి దగ్గర ప్లాస్టిక్ పలక సగం మందం అరిగిపోయి ఉంటుంది. ఒక జనవరి పొద్దున, చలి సున్నాకు దగ్గర, బ్యాటరీ పావు వంతు, నాకు ఆఫీసుకు ఆలస్యం. కాలువ పక్క సైకిల్ దారిలో వంతెన ఎక్కుతూ ఇంకా ముందుకు వాలాను. బండి బీప్ కొట్టింది, పట్టించుకోలేదు. ఈ బండి మనల్ని నిలబెట్టేదే మోటారులో మిగిలిన శక్తితో. బ్యాటరీ తగ్గినా, చలి పెరిగినా ఆ మిగులు తగ్గుతుంది. అది అయిపోయిన క్షణం కాళ్ల కింద బండి లేనట్టే. ముందుకు, రెండు చేతుల మీద పడ్డాను. ఆ గార్డు లేకపోతే అరిగేది నా చెయ్యే. బీప్ వినిపించినా, పలకలు వాటంతటవే వెనక్కి ఎత్తుకున్నా వెంటనే వేగం తగ్గించండి. అంతకంటే స్పష్టంగా చెప్పడం బండికి చేతకాదు.

"మన ఘాట్ రోడ్డు ఎక్కుతుందా మామా?" అని కూడా అడిగాడు. ఎక్కడం కంటే దిగడం గురించి చెప్పాను. బ్రేకు వేసినప్పుడు మోటారు కరెంటు తయారుచేసి బ్యాటరీలోకి పంపిస్తుంది. బ్యాటరీ నిండుగా ఉంటే ఆ కరెంటుకు పోయే చోటుండదు. మీ గది గుట్ట మీద ఉంటే ఇంటి నుంచి నూరు శాతం చార్జితో బయల్దేరకండి, ఎనభై తొంభై దగ్గర ఆపేయండి.

చార్జింగు అంటే ఇంకోటి. నలుగురు ఉండే గదిలో రాత్రంతా చార్జికి పెట్టి నిద్రపోవద్దు, తలుపు దగ్గర అసలే పెట్టొద్దు. నిప్పంటుకుంటే బయటికి పోయే దారి అదే. ఎవరో విప్పి అతికించిన బ్యాటరీ ఉన్న సెకండ్ హ్యాండ్ బండి ఎంత చవకైనా వద్దు.

కొనడం ఎప్పుడంటే, మొదటి సెమిస్టరు అయ్యాక. ఫ్రాన్స్‌లో ఆరోగ్య బీమా నంబరు చేతికి రావడానికి నెలలు పట్టచ్చు, ఆలోపు చెయ్యి విరిగితే కాగితాల చుట్టూ తిరగాలి. అన్నం వండిపెట్టే అమ్మ కూడా పక్కన ఉండదు. ఆ నెలల్లో మెట్రోలో, కాలినడకన ఊరు తెలుసుకోండి. కొనేటప్పుడు పదహారు అంగుళాల చక్రం, పద్నాలుగు కిలోల లోపు బండి చూడండి. పాతిక కిలోల బియ్యం మూటలో సగం కంటే కాస్త ఎక్కువ బరువు. పారిస్ పాత భవనాల్లో లిఫ్టు లేని ఐదో అంతస్తు గదులే చాలాసార్లు విద్యార్థులకు దొరికేవి. లా షాపెల్ ప్రాంతంలో తమిళుల షాపుల నుంచి కందిపప్పు, బియ్యం వీపు సంచిలో వేసుకుని దీని మీద రావడం మాత్రం రెండు మూడు నెలలు అలవాటయ్యాకే. వీపు మీద బరువుంటే శరీరం వాలే తీరు మారిపోతుంది.

నేను తిరిగి బయల్దేరే ముందు రోజు వాడు గ్రౌండు చుట్టూ ఒక రౌండు పూర్తి చేశాడు. వాడు లేని నెలల్లో బ్యాటరీ చెడకుండా బండిని సగం చార్జితో గదిలో ఎండ తగలని మూల పెట్టించాను. రెండు నెలలకోసారి మళ్లీ సగానికి తేవాలని, లైటు చూసి ఎక్కడ ఆపాలో మా అక్కకు చూపించాను. అక్క ఆ తేదీలు వంటగదిలో క్యాలెండరు మీద రాసుకుంది.