క్లాస్ 1, క్లాస్ 2 ఎంహెచ్‌సీ రెండూ ఈఆర్‌లోనే తయారైతే, వాటి పెప్టైడ్లు ఎందుకు కలిసిపోవు?

మంచి సందేహం. ఎంహెచ్‌సీ అంటే పెప్టైడ్లని, అంటే ప్రోటీన్ ముక్కల్ని, కణం పైకి తెచ్చి రోగనిరోధక కణాలకి చూపించే ప్రోటీన్. ఈఆర్ (ఎండోప్లాస్మిక్ రెటిక్యులం) అంటే కణంలో ఇలాంటి ప్రోటీన్లు తయారయ్యే చోటు. ఈఆర్ నిండా పెప్టైడ్లు ఉన్నప్పుడు అక్కడే పుట్టిన క్లాస్ 2 వాటిని ఎందుకు పట్టుకోదు అని నాకూ అనిపించేది. ఎలుక ఎముక మజ్జ నుంచి పెంచిన డెండ్రైటిక్ కణాలతో (బయటివాటిని మింగి, ముక్కల్ని చూపించే రోగనిరోధక కణాలు) ల్యాబ్‌లో కొంతకాలం పనిచేశాక ఇదంతా బాగా పట్టుబడింది.

అసలు సంగతేంటంటే, క్లాస్ 2 పుట్టగానే పెప్టైడ్‌ని పట్టుకునే దాని గాడిలో ఇన్వేరియంట్ చెయిన్ అనే ప్రోటీన్ దూరి కూర్చుంటుంది, ఇక వేరే పెప్టైడ్‌కి చోటుండదు. క్లాస్ 2ని ఎండోసోముల వైపు, అంటే కణం మింగినవి చేరే సంచుల వైపు, నడిపించేదీ ఇదే. అక్కడి ఆమ్లంలో కెథెప్సిన్లు అనే ప్రోటీన్లని కోసే ఎంజైములు ఈ చెయిన్‌ని కొరుక్కుంటూ పోతే చివరికి గాడిలో క్లిప్ అనే చిన్న ముక్క మిగులుతుంది, దాన్ని హెచ్‌ఎల్‌ఏ-డీఎమ్ అనే మరో ప్రోటీన్ ఊడబెరికాకే కణం మింగిన బ్యాక్టీరియా ముక్కలు అందులో కూర్చోగలవు. ఎలుకలో ఈ హెచ్‌ఎల్‌ఏ-డీఎమ్‌కి సాటిదాని పేరు హెచ్2-ఎమ్, పని అదే.

క్లాస్ 1కి ఇలాంటి మూత లేదు. సైటోసోల్‌లో (కణం లోపలి ద్రవంలో) ప్రోటియాసోమ్ అనే ప్రోటీన్లని నరికే యంత్రం చేసిన ముక్కల్ని టాప్ అనే పంపు ఏటీపీ (కణం వాడే శక్తి) ఖర్చుపెట్టి ఈఆర్‌లోకి తోస్తుంది, టపాసిన్ అనే సహాయక ప్రోటీన్ దగ్గరుండి గట్టిగా అతుక్కునే వాటినే నిలవనిస్తుంది. ఈ గాడి రెండు చివరలా మూసుకుని ఉంటుంది కాబట్టి సాధారణంగా 8 నుంచి 10 అమైనో ఆమ్లాల ముక్కలే పడతాయి. క్లాస్ 2 గాడి చివరలు తెరిచే ఉంటాయి, అందుకే అందులో ఇంకా పొడవైనవి ఉంటాయి.

మేము చేసిన ప్రయోగం చెప్తాను, దీంతో చాలా తేలిపోతుంది. కణాలకి ఓవాల్బుమిన్ (గుడ్డు తెల్లసొనలోని ప్రోటీన్) తినిపించి, అందులోని సిన్‌ఫెకిల్ అనే 8 అమైనో ఆమ్లాల ముక్క క్లాస్ 1 మీద పైకి వచ్చిందా అని యాంటీబాడీతో చూసేవాళ్లం. ప్రోటియాసోమ్‌ని ఆపే మందు వేస్తే సిగ్నల్ పడిపోయేది. అదే ముక్కని రెడీమేడ్‌గా పోస్తే మందు ఉన్నా వచ్చేసేది, ఎందుకంటే అది కణం పైనున్న క్లాస్ 1కే నేరుగా అతుక్కుంటుంది, లోపల తయారు చేసే పనే లేదు.

ఇక్కడ ఒకటి గమనించారా, ఓవాల్బుమిన్ బయటి నుంచి వచ్చిందే, అయినా క్లాస్ 1 మీద కనిపించింది! దీన్నే క్రాస్ ప్రెజెంటేషన్ అంటారు, డెండ్రైటిక్ కణాలు ఇందులో దిట్టలు. మాక్రోఫేజ్‌లు (మింగే మరో రకం రోగనిరోధక కణాలు) మింగినదాన్ని వేగంగా అరాయించేస్తాయి, ఇవి మాత్రం నిదానంగా అరాయిస్తాయి కాబట్టి చూపించడానికి ముక్కలు మిగులుతాయి. కాబట్టి పరీక్షలో "బయటిదైతే ఎప్పుడూ క్లాస్ 2 మాత్రమే" అని గుడ్డిగా రాసేయకండి.